ఆడి నెలలో పెట్టిన సంతకం

మా తమ్ముడి పెళ్లికి రెండు తేదీలు ఉన్నాయి. ఎవరైనా అడిగితే మా ఇంట్లో చెప్పేది మాత్రం ఒకటే. ఆవణి నెల పదహారు, అంటే సెప్టెంబరు ఒకటో తేదీ. ఆ రోజు పొద్దున గుడిలో తాళి కట్టాడు. వచ్చిన వాళ్లు నూట ఇరవై మంది, భోజనాలు అరటాకులో. ఇంకో తేదీ అంతకు నెలా వారం ముందుది, ఆడి నెల పదో తేదీ, జూలై ఇరవై ఆరు. ఆ రోజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరూ సంతకాలు పెట్టారు. చట్టం ప్రకారం అప్పుడే పెళ్లయిపోయింది. మా వాళ్ల ప్రకారం ఆ రోజు ఏమీ జరగలేదు.

తెలుగు దేశంలో ఆషాఢానికి ఉన్న పట్టింపే మాకు ఆడి నెలకు ఉంది. తరాలుగా పుదుచ్చేరిలో ఉండిపోయిన వాళ్లం కనుక ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా నెలలు మాత్రం తమిళ పంచాంగం ప్రకారం లెక్కపెడతాం. ఆడిలో పెళ్లి చెయ్యరు. కొత్తగా పెళ్లయిన అమ్మాయిని ఆ నెల పుట్టింటికి పంపేస్తారు. అలాంటి నెలలో మా తమ్ముడు చట్టప్రకారం పెళ్లికొడుకయ్యాడన్న మాట మేం ఒకరితో ఒకరం కూడా అనుకోలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

నేను విద్యుత్ శాఖ అకౌంట్స్ సెక్షన్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగు. తమ్ముడు నాకంటే పదిహేడేళ్లు చిన్న. పనిచేసే మిల్లు మూతపడ్డాక తేంగాయితిట్టులో హార్బరుకు పోయే దారిలో చిన్న షాపు పెట్టుకున్నాడు. ఐస్ ఫ్యాక్టరీల మోటార్లు, పడవల మోటార్లు కాలిపోతే రాగి తీగ మళ్లీ చుట్టి ఇచ్చే పని. అమ్మను చూసుకుంటూ, ఆమె పోయాక నన్ను చూసుకుంటూ, యాభై దాటినా పెళ్లి చేసుకోలేదు. మా వాళ్లలో చాలామందిలాగే వాడికీ తెలుగు చదవడం రాదు. కాబట్టి నేనిక్కడ ఏం రాసినా వాడికి కోపం రాదు.

పెళ్లికూతురిది మా ఊళ్లోనే కురుచికుప్పం దగ్గరి వీధి. నర్సు చదివి, మొదటి భర్తతో అమెరికా పోయి, అక్కడే ఉద్యోగం చేసి, పౌరసత్వం తీసుకుంది. భర్త పోయాడు. పిల్లలు లేరు. తల్లి కర్మకు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ ఇంటి బోరు మోటారు కాలిపోయింది. మా తమ్ముడు వెళ్లి విప్పుకొచ్చాడు. మోటారు మూడు రోజుల్లో బాగుచేసి ఇచ్చేశాడు కానీ ఆ ఇంటికి పోవడం మాత్రం మానలేదు.

"ఏంరా, ఆ మోటారు ఇంకా తిరగలేదా?" అని అడిగాను ఒకరోజు.

"తిరుగుతా ఉంది అక్కా," అన్నాడు. "సౌండు చూసేదానికి పోతా ఉండా."

మరుసటి ఏడాది ఆమె మూడున్నర నెలల సెలవు పెట్టుకుని పెళ్లి కోసమే వచ్చింది. వీసాకు రిజిస్ట్రారు సర్టిఫికెట్ కావాలి కనుక వకీలు చెప్పిన ప్రకారం ముందు నోటీసు ఇచ్చారు. అది ముప్పై రోజులు బోర్డు మీద ఉండాలి. ఆ గడువు ముగిశాక రిజిస్ట్రారు ఇచ్చిన తేదీ ఆడిలో పడింది. ఆమెకు తల్లీ తండ్రీ లేరు కనుక పెద్దదిక్కు మేనమామే. ఎనభై ఏళ్ల మనిషి, బజారులో ఇత్తడి పాత్రల కొట్టు నడిపినవాడు. ఆయన ఒప్పుకోలేదు.

"ఆడిలో పెళ్లి ఏందప్పా? ఊరు నవ్వదా?"

"ఇది పెళ్లి అనుకోవద్దు పెద్దాయనా, కాగితం పని అనుకోండి," అన్నాడు వకీలు. "అసలు పెళ్లి మీరు ఆవణిలో చెయ్యండి, ఎవరు వద్దన్నారు?"

కాగితం పని అన్న మాట మామకు బాగా నచ్చింది. ఆ రోజు నుంచి మా రెండు ఇళ్లలో దానికి అదే పేరు. ఎవరూ పూలు పెట్టుకోకూడదు, కొత్త బట్టలు కట్టకూడదు అని ఆయనే నియమం పెట్టాడు. మా తమ్ముడు షాపుకు వేసుకునే చొక్కాతోనే వచ్చాడు. సంతకాలన్నీ అయ్యాక ఆ ఆఫీసు గుమాస్తా సంతోషంగా లేచి మామకు చెయ్యి కలపబోయాడు.

"ఇంకా కాలేదు సార్," అన్నాడు మామ. "ఆవణిలో ఉంది. మీరు కూడా రావాల."

"ఇప్పుడే కదయ్యా నా ముందర చేసుకున్నారు!"

"అది మీకు సార్. మాకు కాలేదు."

"సరి సరి. అయితే రెండు సార్లు భోజనం పెట్టాల నాకు."

"భోజనం ఒకటే," అన్నాడు మామ, ఏ మాత్రం నవ్వకుండా.

అక్కడి నుంచి ఆమె ఆటోలో తన తల్లి ఇంటికి పోయింది. తమ్ముడు షాపుకు పోయి సాయంత్రం దాకా ఏదో పడవ మోటారు చుట్టాడు. ఆవణి వచ్చేదాకా ఇద్దరూ ఒకరి ఇంటికి ఒకరు పోలేదు. ఈ వయసులో ఏమిటీ నియమాలని నాకు అనిపించింది కానీ, మామ ముందు ఆ మాట అనలేదు.

ఆమె సెప్టెంబరు చివర తిరిగి వెళ్లి, అక్టోబరులో భర్త కోసం అర్జీ పెట్టింది. వీసా సంగతులు ఫోన్లో నాకే వివరించేది, తమ్ముడి బుర్రకు అవి ఎక్కవని. అందులో నాకు బాగా గుర్తున్నది ఒక నియమం. అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండితే ఒక రకం వీసా, దాని మీద ఐఆర్ 1 అని ఉంటుంది, పదేళ్ల కార్డు ఇస్తారు. నిండకపోతే సీఆర్ 1. దానికి రెండేళ్ల కార్డే. ఆ రెండేళ్లూ అయిపోవస్తుండగా, చివరి మూడు నెలల్లో, భార్యాభర్తలిద్దరూ కలిసి మళ్లీ అర్జీ పెట్టి, మేం ఇంకా కలిసే ఉన్నామని రుజువు చేసుకోవాలి.

"అంత దాకా రాదులే వదినా," అంది ఆమె. "వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచే లోపల మనకు రెండేళ్లు దాటిపోతాది."

ఆమె అన్నట్టే అయింది. ఇంటర్వ్యూ తేదీ ఆగస్టు పద్నాలుగు అని వచ్చింది. ఆ ఉత్తరం చూసిన వెంటనే లెక్క వేశాను. రిజిస్ట్రారు సర్టిఫికెట్ ప్రకారం రెండేళ్లు నిండి పందొమ్మిది రోజులు. అంత సరిగ్గా కుదిరినందుకు నేను మనసులో సంతోషపడ్డాను.

ఆ సంతోషం వారం రోజులు నిలవలేదు. ఆమెకు రొమ్ములో గడ్డ ఉన్నట్టు తేలింది. పరీక్షలు చేసి ఆపరేషను ఆగస్టు ఇరవై ఎనిమిదిన అని నిర్ణయించారు. ఫోన్లో ఎవరి సంగతో చెబుతున్నట్టు నిదానంగా చెప్పింది. ఇరవై ఐదేళ్లు ఆస్పత్రుల్లో పనిచేసిన మనిషి. తమ్ముడు విని, ఫోను నా చేతికిచ్చి, దొడ్లోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చాక ఒక్క మాటే అన్నాడు.

"ఇరవై ఎనిమిదికి ముందు నేను ఆడ ఉండాల అక్కా."

ఇక మా ఇంట్లో పని ఏది చేసినా ఆ ఒక్క తేదీ కోసమే. ఇంటర్వ్యూకు ముంబై పోవాలి. కాగితాలన్నీ నేనే వరుసగా పెట్టి ఇచ్చాను, అన్నిటికంటే పైన రిజిస్ట్రారు సర్టిఫికెట్. రైలెక్కి పోయాడు. మూడో రోజు తిరిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటూనే చెప్పాడు, పని అయిపోయిందని.

"ఏం అడిగినారు?"

"ఒక అమ్మ కూర్చోనుంది గ్లాసు వెనక. పక్కన తమిళంలో చెప్పేదానికి ఒక మనిషి. పెళ్లి ఎప్పుడని అడిగింది."

"ఏం చెప్పినావు?"

"ఎప్పుడయిందో అదే చెప్పినా. సెప్టెంబరు ఒకటి."

"సర్టిఫికెట్లో జూలై అని ఉంది కదరా?"

"ఆమె కూడా అదే అడిగింది. ఈడ జూలై అని ఉంది కదా అని. అది ఉత్త కాగితం పని అమ్మా, అసలు పెళ్లి సెప్టెంబరులోనే అని చెప్పినా. ఆల్బం చూపించినా. బాగా నవ్వింది. మంచి అమ్మ."

భార్యను చూపి దేశంలోకి రానిమ్మని అడగడానికి పోయినవాడు, వీసా ఇచ్చే మనిషి ఎదుట నిలబడి, మా పెళ్లి సర్టిఫికెట్ ఉత్త కాగితం పని అన్నాడు! దొంగ పెళ్లిళ్లను పట్టుకోవడమే వాళ్ల పని. వీసా నిరాకరించకపోవడమే గొప్ప అనుకోవాలి. నేను వాడిని తిట్టబోయి ఆగాను. వాడు అబద్ధం చెప్పలేదు. రెండేళ్లుగా మేమందరం ఏది చెప్పామో అదే చెప్పాడు. మామను అడిగినా అదే చెప్పేవాడు.

పాస్‌పోర్టు ఇరవై ఒకటో తేదీన చెన్నైలో తీసుకున్నాం. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని భూతద్దం పెట్టి వీసా చూశాను. ఫోటో సరిగానే ఉంది, పేరు సరిగానే ఉంది, పుట్టిన తేదీ సరిగానే ఉంది. కేటగిరీ అన్న చోట సీఆర్ 1 అని ఉంది. భూతద్దం తీసి మళ్లీ పెట్టి చూశాను. తమ్ముడు పక్కన నిద్రపోతున్నాడు. బస్సు మరక్కాణం దాటేదాకా లేపలేదు. లేపి మాత్రం ఏం చెప్పను?

మరునాడు ఇద్దరం బజారులో వీసా పనులు చూసిపెట్టే ఒకాయన దగ్గరకు పోయాం. ఆయనదీ తెలుగు కుటుంబమే, తాతల కాలంలో బట్టల వ్యాపారం. వీసా, సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"తప్పే అమ్మా. సర్టిఫికెట్ ప్రకారం ఐఆర్ రావాల."

"సరిచెయ్యాలంటే?"

"పాస్‌పోర్టు వెనక్కి పంపాల. చేసిస్తారు. ఎన్ని రోజులని మాత్రం నన్ను అడగొద్దు. రెండు వారాలకు వచ్చిందీ ఉంది, రెండు నెలలు పట్టిందీ ఉంది."

తమ్ముడు కుర్చీలో ముందుకు జరిగాడు. "అంత టైము లేదు సార్."

"అయితే ఇట్లనే పోండి. దిగిన చోట ఇమిగ్రేషను ఆఫీసరుకు సర్టిఫికెట్ చూపించి అడగండి. మార్చే అధికారం ఆయనకుంది. మనసు పెట్టి చూస్తే అప్పుడే మార్చేస్తాడు, లేదంటే లేదు." ఆయన ఏదో ఆలోచించి మళ్లీ అడిగాడు. "మీ ముహూర్తం ఎప్పుడన్నారు? సెప్టెంబరు ఒకటి కదా? మరి ఇంకేంది! సెప్టెంబరు రెండున దిగమనండి అమ్మా. యా తేదీ పట్టుకున్నా రెండేళ్లు నిండిపోతాయి. వాదన కూడా ఉండదు."

ఎంత సుళువైన దారి! నేను నవ్వబోయాను. తర్వాత తమ్ముడి ముఖం చూశాను. వాడు నవ్వలేదు. ఇరవై ఎనిమిది ఎక్కడ, రెండు ఎక్కడ.

ఆ సాయంత్రం వాడు షాపులో ఉన్నప్పుడు నేనొక్కదాన్నే ఆమెకు ఫోను చేశాను. తప్పు సంగతంతా చెప్పాను. అడగాలా వద్దా అని కాసేపు తడబడి చివరికి అడిగేశాను.

"ఆపరేషను ఒక్క వారం వాయిదా వేస్తారామ్మా?"

ఆమె చిన్నగా నవ్వింది. "డాక్టరు ఒప్పుకుంటాడు వదినా. గడ్డ ఒప్పుకోవద్దా?"

ఆమే మళ్లీ అంది. "ఆయనను మీ ఇష్టం వచ్చినప్పుడు పంపండి. నా ఫ్రెండు ఒకామె ఉంది, ఆస్పత్రికి కూడా వస్తుంది. కార్డు సరిగా రావడం కూడా ముఖ్యమే కదా."

ఈ మాటలు నేను తమ్ముడికి చెప్పకూడదనుకున్నాను. కానీ ఆమే చెప్పింది, నవ్వుతూ. వాడు షాపు మూసి ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆపరేషనుకు కూడా పంచాంగం చూసినావా అక్కా?"

"ముహూర్తం కోసం కాదు కదరా. నీ కార్డు కోసం."

"ఆమె కత్తి కింద పడుకోబోతా ఉంది. నువ్వు ఈడ సీ నా ఐ నా అని చూస్తా ఉండావు."

"రేపు ఇబ్బంది వస్తే ఎవరు పడతారు?"

"నేను పడతా. సరేనా? టికెట్ వేసేసినా. ఇరవై ఐదు."

అడగకుండా టికెట్ కొనడం వాడి జీవితంలో అదే మొదటిసారి. నేను ఇంక వాదించలేదు. వాదించడానికి నా వైపు ఉన్నది ఒక లెక్క, సరైన లెక్కే. అయినా దాన్ని పైకి తియ్యడానికి నాకే సిగ్గనిపించింది. వీసా ఆఫీసుకు ఈమెయిల్ పంపాను. మీ ఉత్తరం అందింది, పరిశీలిస్తాం అని ఒక జవాబు వెంటనే వచ్చింది, మనిషి రాసింది కాదు. దాని తర్వాత ఏమీ రాలేదు.

చెన్నై ఎయిర్‌పోర్టులో లోపలికి పోయే ముందు వాడికి చివరిసారి చెప్పాను.

"ఆఫీసరు అడిగితే ఏమనాల?"

"జూలై ఇరవై ఆరు."

"కాగితం పని అనే మాట?"

"నోట్లో నుంచి రాదు."

"సెప్టెంబరు?"

"సెప్టెంబరు అనే నెలే లేదు అక్కా. ఈ ఏడాది పదకొండు నెలలే."

నా పక్కన నిలబడి ఎవరినో సాగనంపుతున్నామె కూడా నవ్వింది.

వాడు అక్కడ దిగిన మరుసటి రోజు, వీడియోలో, ఆమె వంటింట్లో నిలబడి జరిగింది చెప్పాడు. ఆఫీసరు కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడట. తమ్ముడు సర్టిఫికెట్ తీసి ఇచ్చి, నేను రాసి బట్టీ పట్టించిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలూ చెప్పాడు. కుర్రవాడు సర్టిఫికెట్ చదివి, కంప్యూటర్లో చూశాడు. ఇక్కడ సెప్టెంబరు ఒకటి అని ఉంది, ముంబైలో నువ్వే అలా చెప్పినట్టు ఉంది కదా అన్నాడు. ఇంకేమైనా రుజువు ఉందా అని అడిగాడు. తమ్ముడు సంచీలో చెయ్యి పెడితే చేతికి వచ్చింది పెళ్లి ఆల్బం. దాని అట్ట మీద స్టూడియోవాడు బంగారు రంగులో కొట్టిన తేదీ ఉంది.

"సెప్టెంబరే," అన్నాను నేను.

"సెప్టెంబరే," అన్నాడు వాడు. "ఇది ఏమని అడిగినాడు. నేనేం చెప్పేది అక్కా? ఆడి అంటే ఏందో చెప్పేదానికి నాకు అంత ఇంగ్లీషు యాడ ఉంది? ఆడిలో ఎందుకు చెయ్యకూడదని అడిగితే తెలుగులో కూడా నాకు తెలీదే! పక్క రూములో కూర్చో, పెద్ద ఆఫీసరు వచ్చి చూస్తాడన్నాడు. ఎంతసేపు పడుతుందని అడిగినా. చెప్పలేనన్నాడు."

"కూర్చోవలసింది."

"ఆమె బయట నిలబడుంది అక్కా. అప్పటికే రెండు గంటలయింది. ఒంట్లో బాగలేని మనిషి. వద్దు సార్, ఉన్నట్టే ముద్ర కొట్టండి అన్నా. కొట్టేసినాడు."

వాడి వెనకాల ఆమె స్టూలు మీద కూర్చుని టీ తాగుతోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

ఆపరేషను జరిగింది. వాడు ఆస్పత్రిలో ఉన్నాడు, ఆమెకు తెలివి వచ్చేసరికి ఎదురుగా ఉన్నాడు. నేను ఇక్కడ ఫోను పట్టుకుని కూర్చున్నాను. గడ్డతో పాటు చంక కింద నుంచి కూడా కొంత తీశారనీ, అక్కడికి కూడా పాకిందనీ నాలుగు రోజుల తర్వాత చెప్పారు. మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మూడు వారాలకొకసారి. వాడు వంట నేర్చుకున్నాడు, కారు ఇంకా నేర్చుకోలేదు. జుట్టు రాలడం మొదలైనప్పుడు వాడే మిషను పెట్టి ఆమెకు తల గొరిగాడట. అది కూడా నాకు ఆమే చెప్పింది.

కార్డు అక్టోబరులో వచ్చింది. రెండేళ్ల కార్డు. గడువు తేదీ వాడు ఫోటో తీసి పంపాడు.

నేను మళ్లీ బజారులో ఆ వీసా పనులాయన దగ్గరకు పోయాను, ఈసారి ఒక్కదాన్నే. ఇప్పటికైనా సరిచేసుకోవచ్చట. సర్టిఫికెట్ జతచేసి, తప్పు ఎలా వచ్చిందో రాసి అర్జీ పెడితే, వాళ్లు ఒప్పుకుంటే, పదేళ్ల కార్డు పంపుతారు. లేకపోతే రెండేళ్లు నిండబోయే ముందు ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలి.

"ఇద్దరిలో ఒకరు..." అని మొదలుపెట్టి నేను ఆగిపోయాను.

ఆయన అర్థం చేసుకున్నాడు. బల్ల మీద కాగితాలు సర్దుతూ మాట్లాడాడు. "అప్పుడు ఆయనొక్కడే పెట్టుకోవచ్చమ్మా. దానికీ దారి ఉంది. కానీ కలిసి బతికినట్టు అన్నీ ఒక్కడే చూపించాల. అడిగిన దానికి జవాబు చెప్పాల." నా వైపు చూడలేదు. "ఇప్పుడే సరిచేసుకుంటే ఆ బాధ ఉండదు."

ఆఫీసు కిటికీల ఎదుట నిలబడి అడిగిన దానికి జవాబు చెప్పడంలో మా తమ్ముడి సామర్థ్యం నాకు తెలుసు. అది కూడా ఒంటరిగా, అలాంటి సమయంలో. ఇంటికి వచ్చి అర్జీ మొత్తం సిద్ధం చేశాను. ఆడి నెల అంటే ఏమిటో, ఆ నెలలో పెట్టిన సంతకాన్ని మేం పెళ్లి అని ఎందుకు అనలేదో, ఎవరికైనా అర్థమయ్యేలా ఒక పేజీలో ఇంగ్లీషులో రాశాను. ఉద్యోగంలో ఎన్నో వివరణలు రాశాను కానీ ఇంత కష్టపడి ఏదీ రాయలేదు. వాళ్లిద్దరికీ పంపి, ఆదివారం ఫోను చేశాను.

ఆమె తలకు గుడ్డ కట్టుకుని సోఫాలో ఉంది. ముఖం సన్నబడింది.

"చదివినాను వదినా. చాలా బాగా రాసినారు. మామ చదివితే ఏడుస్తాడు."

"మరి సంతకం పెట్టి పంపించండి."

"వద్దు వదినా."

నేను సరిగా వినలేదనుకున్నాను. "ఏమ్మా?"

"కరెక్షను వద్దు. ఉండనీండి." ఆమె దిండు సర్దుకుంది. "నేను డాక్టరును అడిగినాను, ఎన్నాళ్లని. నేను నర్సును, నాకు చెప్పొచ్చు అన్నాను. ఆయన చెప్పలేదు. ఏవేవో పర్సెంటులు చెప్పినాడు. మేము పేషెంట్లకు చెప్పే మాటలే. ఎవరూ నాకు ఒక తేదీ అని చెప్పలేదు. ఈ కార్డు చెప్పింది. రెండేళ్లకు వచ్చి సంతకం పెట్టమంది. నేను పోయి పెట్టాల వదినా."

"అది తప్పు పడిన తేదీ అమ్మా."

"తప్పే."

"సరైనది పదేళ్లు."

"పదేళ్లతో నేనేం చేసేది? అంత పెద్దది నా చేతికి అందదు. ఇది అందుతాది."

నేను జీవితమంతా తప్పు కనబడితే దిద్దిన మనిషిని. తప్పు అని ఒప్పుకుని, దిద్దవద్దు అని అడిగిన మనిషి నాకు ఎదురుపడలేదు. ఆమెను ఒప్పించడానికి నా దగ్గర ఒక్క కారణం ఉంది, బజారులో ఆయన చెప్పింది. దాన్ని ఆమె ముఖం చూస్తూ ఎలా చెప్పాలి? నువ్వు ఆ తేదీ దాకా లేకపోతే అని మొదలు కావాలి ఆ వాక్యం. నోరు తెరిచాను. మందు ఎక్కించిన రోజు అన్నం సయిస్తోందా అని అడిగాను.

"మీరేం చెప్పబోయినారో నాకు తెలుసు వదినా," అంది. "ఆయనకు కష్టమవుతుందనే కదా. నేనూ ఆలోచించినా. తెలిసే అడగతా ఉండా."

అప్పుడే తమ్ముడు గిన్నెతో వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. గిన్నెలో చారన్నం.

"ఏందక్కా, ఇంకా ఆ సీ, ఐ సంగతేనా?"

"నువ్వేమంటావురా? నీ కార్డు అది."

వాడు చెంచాతో అన్నం మెదిపాడు. వాడికి నేను చెప్పబోయిన వాక్యం తెలుసో తెలియదో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె వాడి ముఖంలోకి చూడలేదు. నేనూ చూడలేదు.

"ఆమె ఏమంటే అది," అన్నాడు. "ముందు ఇది తినాల. చల్లారిపోతా ఉంది."

ఆమె తినడం మొదలుపెట్టింది. నాలుగో ముద్దకు చెయ్యి అడ్డం పెట్టింది. వాడు ఇంకొక్క ముద్ద అన్నాడు. ఆమె తల ఊపి తిన్నది. ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది, వాళ్లు నన్ను మరిచిపోయారు.

ఇప్పుడు ఫిబ్రవరి. ఆ కార్డుకు సంతకాలు పెట్టే సమయం వచ్చే ఏడాది మే చివర్లో మొదలవుతుంది. ఆమెకు మందు ఎక్కించడం ముగిసింది, కరెంటు పెట్టడం, అంటే రేడియేషను, మొదలైంది. బాగుందనీ అనడం లేదు, బాగోలేదనీ అనడం లేదు. వారానికొకసారి ఫోను చేస్తాను. అర్జీ పంపమని మళ్లీ అడగలేదు. పంపకుండా ఉండడం సరైనదని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు. వాళ్ల సంతకాలు లేకుండా నేను పంపగలిగింది ఏదీ లేదు. అలాంటి దారి ఉన్నా పంపేదాన్నో లేదో చెప్పలేను.